టికెట్ కొని బాయి దిగిన రోజు

(ఉత్తర ఇంగ్లండ్‌లోని తెలుగు కుటుంబాల వేసవి కలయికలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. పక్క గదిలోంచి సాంబారు వాసన వస్తోంది. మీ పరిస్థితి నాకు అర్థమవుతూనే ఉంది, నాదీ అదే. (నవ్వులు)

సెలవుల్లో పిల్లలతో ఒక్క రోజులో వెళ్ళి రాగల చోట్ల గురించి చెప్పమని నాకు అప్పగించారు. నేను ఒక్క చోటు గురించే చెబుతాను. నిరుడు ఆగస్టులో మేం ఉత్తర వేల్స్‌లో ఒక పలకరాతి గనికి వెళ్ళాం. ఈ దేశంలో ఎండ కనిపించేదే తక్కువ, ఆ నాలుగు రోజులు కూడా భూమి లోపలికి పోవడమెందుకని మా ఆవిడ అడిగింది. ఆ రోజు తెల్లారేసరికి వాన మొదలైంది. దాంతో వాదనలో నేను గెలిచాను. నిజానికి గెలిచింది వాన.

అప్పుడు మా బాపు, అంటే నాన్న, ఇక్కడే ఉన్నాడు, ఆరు నెలల వీసా మీద. బాపు గోదావరిఖనిలో బొగ్గు బాయిలో ఇరవై ఏడేళ్ళు పని చేశాడు. సింగరేణి వాళ్ళు గనిని బాయి అంటారని ఇక్కడున్న కోస్తా మిత్రులకు తెలియకపోవచ్చు. బావి అనే మాటే అది. పనికి పోవడం అంటే బాయి దిగడం, హాజరు పడటం అంటే మస్టర్ పడటం. పొద్దున కారు ఎక్కుతూ బాపు అడిగాడు, "ఎక్కడికి పోతున్నంరా?" గనికి అన్నాను. టికెట్ ఎంత అన్నాడు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇరవై ఏడేండ్లు వాళ్ళే పైసలిచ్చి దింపిండ్రు. ఇప్పుడు మనం ఇచ్చి దిగుతున్నమా?" అన్నాడు. (నవ్వులు)

ఊరి పేరు బ్లైనై ఫెస్టినియోగ్. గని పేరు రాసేటప్పుడు రెండు ఎల్‌లతో మొదలవుతుంది. నేను లెఖ్‌వెద్ అంటున్నాను, వెల్ష్ వాళ్ళు వింటే నవ్వుతారు. 'ల' అనబోయినట్టు నాలుకను ఆనించి, గొంతు కలపకుండా పక్కల నుంచి గాలి ఊదాలట. మనకు ల ఉంది, ళ ఉంది, అయినా ఇది చేతకాలేదు. మా చిన్నదానికి మాత్రం రెండో ప్రయత్నంలోనే వచ్చేసింది. ఆ మాటకు అర్థం కొండవాలు.

మాంచెస్టర్ నుంచి రెండు, రెండున్నర గంటల దారి. రైల్లో వెళ్ళాలంటే లండడ్నో జంక్షన్ దగ్గర కాన్వీ లోయ రైలు ఎక్కాలి. చివర్లో రెండు మైళ్ళకు పైగా పొడవున్న సొరంగం వస్తుంది. సొరంగం అవతల ఇంకో లోకం. అప్పటిదాకా పచ్చగా ఉన్న కొండలు ఒక్కసారిగా బూడిద రంగుకు మారతాయి. ఊరి నాలుగు వైపులా రాతి ముక్కల గుట్టలు, ఇళ్ళ పెరళ్ళ మీదికి వాలుతున్నట్టే ఉంటాయి. టన్ను పలకలు తయారు కావాలంటే దాదాపు పది టన్నుల రాయి చెత్తలోకి పోయేదట. 1951లో చుట్టుపక్కల కొండలన్నీ కలిపి నేషనల్ పార్క్ చేసినప్పుడు ఈ ఊరిని అందులో చేర్చలేదు. మ్యాప్‌లో చూడండి, పార్క్ మధ్యలో చిల్లు పడినట్టు కనిపిస్తుంది. డెబ్భై ఏళ్ళ తర్వాత, 2021 జులైలో, ఆ గుట్టలనూ గనులనూ రైలు దారులనూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. గుట్టలు అవే, కదల్లేదు. చూసేవాళ్ళ చూపు మారింది.

బాపు గుట్టల్ని చూడగానే "ఓబీ గడ్డలు" అన్నాడు. ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర పై మట్టి తవ్వి పోసిన గుట్టలను మా దగ్గర అలాగే అంటారు. గోదావరిఖని వైపు వెళ్ళినవాళ్ళకు తెలుసు.

ముందు ఈ రాయి సంగతి. మీలో నలభై దాటినవాళ్ళు పలక మీదే అ ఆలు దిద్ది ఉంటారు. చెక్క చట్రం, నల్ల పలక, బలపం. తుడవడానికి తడిగుడ్డ ఉండాలి, కానీ మనం ఏం వాడామో పిల్లల ముందు చెప్పను. (నవ్వులు) మన మార్కాపురం పలకలకు పెట్టింది పేరు. వేల్స్‌లోనూ ఇదే జాతి రాయి, కాకపోతే ఇక్కడ దానికి ఇంటి కప్పు మీద పని ఎక్కువ. కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న మెత్తటి బురద, భూమి ఒత్తిడికి నలిగి పొరలు పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. ఆ గుణమే దాని విలువ. నీళ్ళు పీల్చదు, నిప్పుకు కాలదు. 1842లో జర్మనీలోని హాంబర్గ్ నగరం తగలబడినప్పుడు, మళ్ళీ కట్టిన ఇళ్ళ కప్పులకు ఇక్కడి నుంచి ఓడల్లో పలకలు వెళ్ళాయి. 1898 నాటికి వేల్స్‌లో 17,000 మంది ఏటా దాదాపు అయిదు లక్షల టన్నుల పలకలు తీసేవాళ్ళు. ఆ ఏడే శిఖరం, తర్వాత అంతా దిగుడే.

లెఖ్‌వెద్‌ను మొదలుపెట్టింది జాన్ వైట్‌హెడ్ గ్రీవ్స్ అనే ఇంగ్లిష్ ఆసామి. 1846లో తవ్వడం మొదలుపెడితే, అసలైన మంచి పొర దొరికింది 1849లో. ఇల్లందులో సింగరేణి బొగ్గు తీయడం మొదలయ్యేది 1889లో కదా, అప్పటికే దీనికి నలభై ఏళ్ళన్న మాట. సందర్శకుల కోసం తెరిచింది 1972లో.

హెల్మెట్లు ఇచ్చారు. బాపు తన హెల్మెట్‌ను తిప్పి చూసి, లోపలి పట్టీ బిగించుకుని, మనవడిది కూడా విప్పి మళ్ళీ సరిగ్గా కట్టాడు. గైడ్ అమ్మాయి అది గమనించి నవ్వింది. కిందికి తీసుకెళ్ళేది కేబుల్ మీద నడిచే చిన్న బండి, ముప్పై డిగ్రీల వాలు. బ్రిటన్‌లో ఇంత నిటారైనది ఇంకోటి లేదని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. పిల్లలు అరుస్తున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది, మా ఆవిడ కళ్ళు మూసుకుంది. బాపు ఒక్కడే బస్సు సీట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

లోపల ఏడాది పొడవునా పది పన్నెండు డిగ్రీలే. ఆగస్టే కదా అని జాకెట్లు కార్లో వదిలేసిన కుటుంబం ఒకటి ఉంది, ఆ కుటుంబం మాదే. తడి నేల, మెట్లు, వంగి నడవాల్సిన చోట్లు ఉంటాయి, కాబట్టి మంచి బూట్లు వేసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకెళ్ళే ముందు ఆలోచించండి. ప్రాక్టికల్ సంగతులు ఇంతే, మిగతావి ఫోన్లో దొరుకుతాయి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. గైడ్ మమ్మల్ని ఒక పెద్ద గదిలో నిలబెట్టింది. గది అంటే మన కల్యాణ మండపం పట్టేంత. గదికీ గదికీ మధ్య రాయినే గోడలా వదిలేసి తవ్వుకుంటూ పోయారు. పలక పొర ఏటవాలుగా ఉంటుంది కాబట్టి గదులు కూడా మెట్లు మెట్లుగా కిందికి దిగుతాయి. ఇవన్నీ ఎలా తవ్వారని ఎవరో అడిగారు. ఆమె పైకి చూపించింది. చాలా ఎత్తున, రాతి ముఖానికి ఒక గొలుసు వేలాడుతోంది. పనివాడు ఆ గొలుసును తొడకు చుట్టుకుని, దాని మీదే బరువు వేసి, పొడవాటి ఇనుప గడ్డపారతో రాతిని పొడిచి పొడిచి రంధ్రం చేసేవాడు. గంటల తరబడి. అందులో మందు కూరి పేల్చేవాళ్ళు. వెలుతురు? ఒక కొవ్వొత్తి.

నేను తెలుగులో చెప్పగానే బాపు ఉలిక్కిపడ్డాడు. "ఏందీ? లోపట మంట పెట్టిండ్రా?"

బొగ్గు బాయి సంగతి తెలియనివాళ్ళకు ఆ ఉలికిపాటు అర్థం కాదు. బొగ్గు పొరల్లో మండే గ్యాస్ ఉంటుంది. అందుకే బాయి దిగే ముందు జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె దొరికితే ఇక అంతే. ఇరవై ఏడేళ్ళు లోపల ఒక్క అగ్గిపుల్ల కూడా చూడని మనిషి మా బాపు. ఆయన దృష్టిలో భూమి లోపల మంట అంటే చావు. నేను గైడ్‌ను అడిగాను. పలకరాయిలో ఆ గ్యాస్ ఉండదు, భయం లేదు అని ఆమె చెప్పింది. అదే మాట బాపుకు చెప్పాను. తల ఊపాడు కానీ నమ్మినట్టు లేదు. చూపుడు వేలు నాలుకకు తడి చేసి గాలిలోకి ఎత్తాడు, గాలి ఎటు నుంచి వస్తోందో చూడటానికి. అప్పుడు కుదుటపడ్డాడు.

ఇంకో సంగతి చెప్పింది ఆమె. ఆ కొవ్వొత్తులు పనివాళ్ళే కొనుక్కోవాలి. పేల్చే మందు ఖర్చూ వాళ్ళదే. కూలి లెక్క కూడా విచిత్రం, దాన్ని బేరం అనేవాళ్ళు. నెలకోసారి యజమాని మనిషి వచ్చి, ముగ్గురు నలుగురున్న జట్టుకు రాతి ముఖంలో కొంత భాగం అప్పగించి రేటు చెబుతాడు. మంచి రాయి పడితే రేటు తక్కువ, పగుళ్ళ రాయి పడితే కాస్త ఎక్కువ. చూడటానికి న్యాయంగానే ఉంది కదా? ఏది మంచి రాయో తేల్చేది ఆ వచ్చినవాడే. వాడికి నచ్చినవాళ్ళకు ఒక రాయి, నచ్చనివాళ్ళకు ఇంకో రాయి. బాపు నవ్వాడు. "మాకు టబ్బుల లెక్క. తట్టా చెమ్మస్ పట్టుకొని నింపుడే. టబ్బుల రాయి కనపడ్డదంటే కోత. గాడ గీడ ఒక్కటే." టబ్బు అంటే బొగ్గు నింపే చిన్న బండి, చెమ్మస్ అంటే పార. ఈ చివరి మాట గైడ్‌కు ఇంగ్లిష్‌లో చెప్పాలని చూశాను, రాలేదు. 'సేమ్ దేర్' అన్నాను. బాపు నా వైపు ఒక చూపు చూశాడు, చదువు చెప్పించింది ఇందుకేనా అన్నట్టు. (నవ్వులు)

పనివాళ్ళ భోజనాల గుడిసెను కబాన్ అంటారు. అరగంట విరామం, బొగ్గుల మీద మరుగుతూనే ఉండే టీ. ఆ అరగంటలో వాళ్ళు చేసినవి వింటే మన సాహితీ సభలు చిన్నబోతాయి. పాటల పోటీ, పద్యాల పోటీ, బైబిల్ మీద చర్చ, పార్లమెంటు మీద చర్చ. ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, మినిట్స్ పుస్తకం. అలాంటి పుస్తకాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. అంతా వెల్ష్ భాషలోనే. యజమానులు ఇంగ్లిష్‌వాళ్ళు, గని లోపల మాట మాత్రం వెల్ష్. 1884లో బాంగర్‌లో యూనివర్సిటీ కాలేజీ పెట్టినప్పుడు ఈ రాళ్ళు కొట్టేవాళ్ళు తమ కూలి డబ్బుల్లోంచి చందాలిచ్చారు. పిల్లల చదువుల కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్ళం మనం, ఆ చందాల విలువ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ టీకి ఇంకో కథ ఉంది, మంచి కథ కాదు. పలకల్ని కోసే షెడ్లలో లేచే ధూళి ఊపిరితిత్తుల్లో చేరి మనుషులు దగ్గి దగ్గి పోయేవాళ్ళు. క్వారీల యజమానులు పెట్టుకున్న డాక్టర్లు ధూళితో ఏ ప్రమాదమూ లేదన్నారు. తప్పంతా అతిగా మరగబెట్టిన టీదీ, తిండి అలవాట్లదీ అన్నారు. నష్టపరిహారం చట్టం 1979లో కానీ రాలేదు. అప్పటికి పెద్ద క్వారీలు చాలావరకు మూతపడిపోయాయి, పరిహారం అందుకోవాల్సినవాళ్ళలో చాలామంది లేరు. ఇది చెబుతున్నప్పుడు బాపు ముఖం చూడలేదు నేను. ఆయనకూ దగ్గు ఉంది.

పిల్లలకు నచ్చినవి వేరు. పైకి వచ్చాక పలక చీల్చడం చూపిస్తారు. పనివాడు దిండంత బండను ఒళ్ళో ఆనించుకుని, వెడల్పాటి ఉలి పెట్టి, కొయ్య సుత్తితో నెమ్మదిగా తడతాడు. గట్టిగా కొట్టడు, తడతాడంతే. టక్ మని సన్నటి గీత పడుతుంది, ఉలి కాస్త మెలిపెడితే బండ రెండుగా విడిపోతుంది. దాన్ని మళ్ళీ రెండు, మళ్ళీ రెండు. ఉల్లి పొర తీసినట్టు. తర్వాత అంచులు కోసి కొలతకు తెస్తారు. ఆ కొలతలకు పేర్లు చూడండి, క్వీన్, డచెస్, కౌంటెస్, లేడీ. ఇరవై అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు ఉంటే కౌంటెస్. అంటే ఈ దేశంలో ప్రతి కూలివాడి ఇంటి కప్పు మీదా రాజవంశం మొత్తం పడుకుని వానకు తడుస్తోందన్న మాట. మావాడికి ఇది భలే నచ్చింది. ఇప్పటికీ వాన పడితే 'డచెస్‌లు తడుస్తున్నారు' అంటాడు.

పెద్దపిల్లలుంటే, పాత గని గదుల్లో వలలు కట్టి ట్రాంపొలిన్‌లా గెంతే ఏర్పాటు ఉంది. వెళ్ళండి, బాగుంటుందంటారు. నాకు మాత్రం, మనుషులు గొలుసులకు వేలాడిన గదుల్లో రంగు లైట్లు వేసి గెంతడం ఎందుకో మింగుడు పడలేదు. బాపుకు అలాంటి పట్టింపేమీ లేదు. "దుంకనీ. ఖాళీగ పెట్టి ఏం జేస్తరు?" అన్నాడు. ఆయనే కరెక్టేమో.

చిన్న రైలు ఒకటుంది, ఫెస్టినియోగ్ రైల్వే. 1836లో వేశారు. ఊరి నుంచి పోర్ట్‌మాడోగ్ రేవు దాకా పదమూడున్నర మైళ్ళు, మొత్తం పల్లమే. పలకల బండ్లు ఇంజిన్ లేకుండా వాటంతటవే దొర్లుకుంటూ దిగేవి. మరి ఖాళీ బండ్లు పైకెలా? గుర్రాలు లాగేవి. దిగేటప్పుడు ఆ గుర్రాలు వెనక ఒక పెట్టెలో నిలబడి, గడ్డి నములుతూ ప్రయాణం చేసేవి. ఉద్యోగం చేస్తే అలాంటి గుర్రంలా చేయాలి. (నవ్వులు) ఇప్పుడు ఆవిరి ఇంజిన్లతో సందర్శకులను తిప్పుతున్నారు. సీట్లు ముందే బుక్ చేసుకోండి.

బొమ్మలు గీసే పిల్లలుంటే వాళ్ళకు మానోడ్ కథ చెప్పండి. ఇది టూర్‌లో ఉండదు, ఆ ఊరి పక్క కొండ అది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లోని నేషనల్ గ్యాలరీ చిత్రాలను కెనడాకు పంపాలనుకున్నారు. చర్చిల్ ఒప్పుకోలేదు, గుహల్లో దాచండి కానీ ఒక్కటీ దేశం దాటకూడదన్నాడు. 1941లో వాటిని మానోడ్ పలక గనిలోకి తెచ్చారు. పెద్ద చిత్రాలు పట్టడానికి గని ద్వారాన్ని పేల్చి వెడల్పు చేశారు. గుర్రం మీద కూర్చున్న మొదటి చార్లెస్ రాజు బొమ్మ మరీ ఎత్తు కావడంతో, దారిలో ఒక రైలు వంతెన కింద రోడ్డునే తవ్వి లోతు చేశారు. రాజుగారు గుర్రం దిగరు కదా! లోపల వేడి, తేమ ఎప్పుడూ ఒకే తీరున ఉంచడంతో చిత్రాలు లండన్‌లో కంటే అక్కడే బాగున్నాయని తేలింది. యుద్ధం తర్వాత గ్యాలరీలో గాలి ఏర్పాట్లకు ఆ పాఠమే పనికొచ్చింది.

రెండో రోజు ఉండగలిగితే బెథెస్డా వైపు వెళ్ళండి, అక్కడ పెన్రిన్ క్వారీ, దగ్గర్లోనే పెన్రిన్ కోట ఉన్నాయి. కోటలో విక్టోరియా రాణి కోసం చేసిన టన్ను బరువు పలకరాతి మంచం చూపిస్తారు, రాళ్ళ మంచం మీద రాణి పడుకుంటుందా అని పిల్లలు అడుగుతారు. మీరు ఇంకో ప్రశ్న అడగండి, ఆ కోటకు డబ్బు ఎక్కడిదని. జమైకాలో బానిసలతో చేయించిన చెరకు సాగు డబ్బుతో పెన్నాంట్ కుటుంబం ఈ క్వారీని పెంచింది. ఆ క్వారీలోనే 1900 నవంబరు నుంచి 1903 నవంబరు దాకా మూడేళ్ళు సమ్మె. సమ్మెలో ఉన్న ఇళ్ళ కిటికీల్లో కార్డులు పెట్టారు, 'ఈ ఇంట్లో ద్రోహి లేడు' అని. సమ్మె ఓడిపోయింది. ఏ కిటికీలో కార్డు ఉండేది, ఏ కిటికీలో ఉండేది కాదు అన్నది అక్కడ తరాలపాటు మరిచిపోలేదు. లాన్‌బెరిస్‌లో నేషనల్ స్లేట్ మ్యూజియం కూడా ఉంది. పునరుద్ధరణ కోసం 2024 చివర్లో మూశారు, తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి.

మళ్ళీ మా రోజుకు వస్తాను. వాన ఆగింది. కార్ పార్క్ దగ్గర తెచ్చుకున్న పులిహోర తింటున్నాం. బాపు నేల మీద నుంచి ఒక పలక ముక్క తీసుకున్నాడు, ఇంకో చిన్న ముక్కతో దాని మీద 'అ' రాశాడు. తెల్లగా పడింది. పలక మీద బలపంలాగానే. మా చిన్నది తెలుగు అక్షరాలు ఐప్యాడ్‌లో నేర్చుకుంటోంది, వేలితో. రాస్తే కిర్రుమంటుందని దానికి తెలియదు. ఆ శబ్దానికి చెవులు మూసుకుని, మళ్ళీ రాయమంది. 'ఆ' రాశాడు. 'ఇ' దగ్గర మళ్ళీ చినుకులు పడ్డాయి, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

అన్నట్టు, గని నుంచి పైకి వచ్చినప్పుడు ఇంకోటి జరిగింది. అందరూ హెల్మెట్లు ఇచ్చేసి వెళ్ళిపోతుంటే బాపు కదల్లేదు. దిగినవాళ్ళు, ఎక్కినవాళ్ళు సరిపోయారా అని అడగమన్నాడు. అడిగాను. గైడ్ తలలు లెక్కపెట్టానని చెప్పింది, దిగేముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి. అప్పుడు హెల్మెట్ రెండు చేతులతో ఇచ్చాడు.

ఆ రాత్రి వాట్సాప్‌లో గోదావరిఖనికి ఫోన్ చేశాడు, తనతో పాటు ఒకే షిఫ్టులో చేసిన పాత దోస్తుకు. స్పీకర్ పెట్టాడు కాబట్టి ఇల్లంతా విన్నాం. "అరేయ్, ఇయ్యాల బాయి దిగిన" అన్నాడు. అటు నుంచి నమ్మలేదు. అంతా చెప్పాడు, గొలుసు, కొవ్వొత్తి, బేరం. టికెట్ ఎంతో కూడా చెప్పాడు. అటు పక్క చాలాసేపు నిశ్శబ్దం. లైన్ కట్టయిందేమో అనుకున్నాం.

తర్వాత ఆయన అడిగాడు, "మరి మస్టర్ పడ్డదా?"

(నవ్వులు, చప్పట్లు)